బొందలగడ్డకు పేరెవరు పెట్టారు?

పాత పట్నాల శ్మశానాల మీద తెలుగులో వచ్చే వ్యాసాలకు ఒక అచ్చు ఉంది. బందరు కోట దగ్గరి డచ్చివాళ్ల సమాధుల మీద రాస్తే పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల రాతి పలకలు, వాటి మీద చెక్కిన వంశచిహ్నాలు, ఏ వర్తకుడు ఏ ఏట పోయాడు అన్నవి వస్తాయి. హైదరాబాదులో రేమండ్ సమాధి మీద రాస్తే నిజాం కొలువులోని ఆ ఫ్రెంచి సేనాని 1798లో చనిపోవడం, జనం నోట్లో ఆయన పేరు మూసారాం అయి మూసారాంబాగ్‌లో మిగలడం వస్తాయి. ఇక్కడ ఎవరెవరు పడుకున్నారు అన్న జాబితా పూర్తయితే వ్యాసం అయిపోయినట్టే. గొయ్యి తవ్వినవాడు, రాయి మోసినవాడు, శవం మీద మన్ను పోసినవాడు ఆ జాబితాలోకి రారు. వాళ్లెక్కడ పడుకున్నారని ఆ వ్యాసాలు అడగవు.

ఊళ్ల మీద రాసినా ఇదే తంతు. ఖమ్మానికి ఇరవై కిలోమీటర్ల చిల్లర దూరంలోని నేలకొండపల్లినే తీసుకుందాం. ఈ ఊరి ప్రముఖుడెవరంటే అందరూ కంచర్ల గోపన్న పేరే చెబుతారు. పదిహేడో శతాబ్దంలో ఇక్కడ పుట్టి, పాల్వంచ పరగణాకు తహసీల్దారై, వసూలైన శిస్తు డబ్బు భద్రాచలం గుడికి పెట్టి, తానీషా కాలంలో గోల్కొండ ఖైదులో పడ్డ రామదాసు. ఆయన పుట్టిన చోటు స్మారక మందిరమయింది. ఆయన కథలో సమాధి లేదు, కథ ఆయనను వైకుంఠానికి పంపిస్తుంది. ఆ శిస్తు కట్టిన రైతులు, వాళ్ల చేలల్లో చాకిరీ చేసిన పాలేర్లు కథలోకి మనుషులుగా రారు. భద్రగిరి మీద రాముణ్ణి ముందు కనుక్కుని తాటాకు పందిరి వేసిందని చెప్పుకునే పోకల దమ్మక్క అడవి బిడ్డ గనుక ఆమె కథలో మొదటి మెట్టుగానే మిగిలింది. అది వేరే వ్యాసానికి సరిపడే సంగతి.

ఈ ఊరి దగ్గర ఒక పెద్ద దిబ్బ ఉంది, ముజ్జుగూడెం పక్కన. దాని గురించి మాట్లాడుకోవాలి. ఎందుకంటే ఈ చుట్టుపక్కల చనిపోయినవాళ్ల కోసం కట్టిన కట్టడాల్లో అంత పెద్దది ఇంకొకటి లేదు. అది బౌద్ధ స్తూపం. పురావస్తు శాఖ తవ్వకాల్లో స్తూపంతో పాటు విహారాల పునాదులు, నీటి తొట్లు, బుద్ధ విగ్రహాలు బయటపడ్డాయి. ఇక్ష్వాకుల నుంచి విష్ణుకుండినుల దాకా, అంటే క్రీస్తు శకం మూడో శతాబ్దం నుంచి ఆరో శతాబ్దం దాకా ఇక్కడ బౌద్ధం బతికిందని చరిత్రకారులు లెక్క కట్టారు. కానీ తవ్వక ముందు తరతరాలుగా, తవ్విన తర్వాత కూడా, జనం నోట్లో అది విరాటరాజు దిబ్బ. పక్కనే కీచక గుండం. పాండవులు అజ్ఞాతవాసం చేసిన విరాట నగరం ఇదేనని ఊరి నమ్మకం.

స్తూపం పుట్టుకలోనే సమాధి దిబ్బ. బుద్ధుడు పోయిన తర్వాత ఆయన అస్థికల కోసం రాజులు, గణాలు తగాదా పడితే ఎనిమిది భాగాలు చేసి పంచారని, వాటి మీద స్తూపాలు లేపారని మహాపరినిర్వాణ సూత్రం చెబుతుంది. మన భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రే తవ్వినప్పుడు ధాతువులు దాచిన రాతి పెట్టెలు దొరికాయి, వాటి మీద దానం చేసినవాళ్ల పేర్లున్నాయి. బ్రాహ్మణ ధర్మానికి ఎముక మైల. ముట్టుకుంటే స్నానం చెయ్యాలి, ఊరి బయట పడెయ్యాలి, ఏట్లో కలిపెయ్యాలి. బౌద్ధులు ఆ ఎముకనే తెచ్చి మనుషులు తిరిగే చోట పెట్టి, చుట్టూ బాట వేసి ప్రదక్షిణం చేశారు. చావును ముట్టుకునేవాడు అంటరానివాడు అన్న సూత్రానికి స్తూపం ఇటుకలతో చెప్పిన ఎదురు మాట. నేలకొండపల్లి దిబ్బకు విరాటరాజు పేరు రావడంలో పోయింది ఈ ఎదురు మాటే. పేరు మారింది ఒక కట్టడానికే గదా అనుకుంటాం. ఆ కట్టడం ఎవరి చావును ఎట్లా చూడాలని చెప్పిందో ఆ సంగతి కూడా పేరుతో పాటే పోయింది.

విరాట పర్వం కథలో శ్మశానం రెండు సార్లు వస్తుంది. పాండవులు ఊళ్లోకి పోయే ముందు శ్మశానం దగ్గరి జమ్మిచెట్టు మీద ఆయుధాలు దాస్తారు. అక్కడొక శవాన్ని కట్టి, అది తమ ముసలితల్లి శవమని, తమ కులాచారమని పశువుల కాపర్లతో చెబుతారు. ఎవరూ ఆ చెట్టు దగ్గరికి రాకుండా మైలను కాపలా పెట్టారన్న మాట. రెండోది, కీచకుడు చచ్చిన రాత్రి. అతని శవంతో పాటు సైరంధ్రిని కూడా కాల్చాలని ఉపకీచకులు ఆమెను పాడెకు కట్టి శ్మశానానికి మోసుకుపోతారు, భీముడు వచ్చి విడిపిస్తాడు. దొరల ఇంటి దాసిదాన్ని దొరతో పాటు కాల్చెయ్యబోయిన కథ అది. దసరానాడు జమ్మి కొట్టేవాళ్లలో ఎంతమందికి ఆ చెట్టు మీది శవం గుర్తుంటుందో చెప్పలేం. మైల భయం ఆయుధాలకు పనికొచ్చింది. ఆ భయాన్ని బతుకంతా మోసినవాళ్లకు మాత్రం అది ఏ ఆయుధాన్నీ దాచిపెట్టలేదు.

ఇప్పుడు ఊరి బొందలగడ్డకు వద్దాం. తెలంగాణలో శ్మశానానికి ఈ మాటే ఉంది. బొంద అంటే గొయ్యి. అగ్రవర్ణాలు కాలుస్తాయి, మాలమాదిగలు, చాలా వెనుకబడిన కులాలు పూడుస్తారు. కట్టె కొనలేకనే పూడ్చారని కొందరంటారు. అది సగం నిజం. పూడ్చడం మనవాళ్ల ఆచారం, పేదరికం దాన్ని తప్పనిసరి చేసింది. తిట్టులో చూడండి, "నిన్ను బొందవెట్ట" అని. కాలుస్తాననే తిట్టుకు అంత కసి లేదు. పూడ్చుకునేవాళ్ల చావు తిట్టుగా మారింది.

ఊరంతటికీ గొయ్యి తవ్వేది, చావు కబురు మోసేది వెట్టివాడు, బేగరి. చావుకు డప్పు కొట్టేది మాదిగ. పని చేసినందుకు ఇచ్చేది కూలి కాదు, మేర. అడిగి తీసుకునేది కాదు, వాళ్లు ఇచ్చినప్పుడు తీసుకునేది. ఎవరి పొలం గట్టున ఎవరి తాత పడుకున్నాడో, ఏ చెట్టు కింద ఎన్ని బొందలున్నాయో ఊళ్లో అందరికంటే బాగా తెలిసినవాడు వాడే. ఊరి చనిపోయినవాళ్ల చరిత్రకు అసలు గ్రంథపాలకుడు వాడు. కానీ వాడు చచ్చినప్పుడు పూడ్చే చోటు వేరు. చెరువు శిఖమో, వాగొడ్డో, దారి పక్క పోరంబోకో. రోడ్డు వెడల్పు చేస్తే ముందు పోయేది ఆ చోటే, చెరువు నిండితే మునిగేది ఆ చోటే. పట్టా లేని నేల కాబట్టి కబ్జా చేసినా అడిగే కాగితం ఉండదు.

ఈ నేపథ్యంలోనే గుర్రం జాషువా 'శ్మశానవాటి' పద్యాలను మళ్లీ చదవాలని నా అభిప్రాయం. 1895లో వినుకొండలో పుట్టి 1971లో గుంటూరులో పోయిన జాషువా రాసినవాటిలో ఇన్ని ఊళ్లకు, ఇన్ని నోళ్లకు చేరినవి ఇంకో పద్యాలు లేవు. అయితే అవి చేరింది జాషువా పేరు మీద కాదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకం 'సత్య హరిశ్చంద్రీయం' కాటి సీనులో హరిశ్చంద్రుడు ఈ పద్యాలు ఎత్తుకుంటాడు. బలిజేపల్లి రాసినవి కావవి, నటులు తెచ్చి చేర్చుకున్నవి. కోస్తా నుంచి ఖమ్మం జిల్లా పల్లెల దాకా, తిరునాళ్లలో, జాతర్లలో, రాత్రి రెండో జాముకు ఆ సీను రావాలి, వన్స్‌మోర్‌లు పడాలి. రాగం కోసం ఎదురుచూసే జనంలో సగం మందికి ఇవి నాటకంలోని పద్యాలే. మిగతా సగం మందికి హరిశ్చంద్రుడి మాటలే. ఇంత పేరు తెచ్చుకున్న పద్యానికి కవి పేరు లేకుండా పోవడం మామూలు సంగతి కాదు. విరాటరాజు దిబ్బకు జరిగిందే దీనికీ జరిగింది.

పద్యాల్లో ఏముంది? ఒక పెద్ద జాబితా ఉంది. గొప్ప కవి కలం కాలిపోయింది ఇక్కడే, భూములేలిన రాజు ముద్ర మాయమైంది ఇక్కడే, లేత ఇల్లాలి నల్లపూసలు, పేరుమోసిన చిత్రకారుడి కుంచె, అన్నీ ఇక్కడే. సరిగ్గా చూస్తే ఇది మనం మొదట అనుకున్న ప్రముఖుల జాబితానే. పేర్లు మాత్రం తీసేశాడు. పేర్లు తీసెయ్యడంలోనే ఉంది జాషువా పట్టు. కవి అన్నాడు గానీ ఏ కవో చెప్పలేదు, రాజు అన్నాడు గానీ ఏ రాజో చెప్పలేదు. ఇట్లా అందరి పేర్లూ ఊడదీసి, ఈ చోట అంటరానితనం తిరగడానికి తావు లేదని ఒక మాట అంటాడు. ఆ మాట మీదే నా వాదమంతా.

ఆ మాటను అగ్రవర్ణ విమర్శకులు ఎప్పుడూ వైరాగ్యం కింద చదివారు. చావు అందరికీ సమానం, రాజూ పేదా ఒకే మట్టి, కాబట్టి సంసారం అసారం. దీన్నే శ్మశాన వైరాగ్యం అంటారు, కాటి నుంచి ఇంటికొచ్చి స్నానం చేసే వరకు ఉండేది. ఇట్లా చదివితే పద్యం ఎవరినీ ఏమీ అడగదు. బతికున్న ఊరిలో అంటరానితనం ఉంది, చచ్చిన తర్వాత లేదు అంటే ఊరిని కదా నిలదీస్తున్నట్టు? బతికినన్నాళ్లు నాకు చోటు లేదు, మీకు చావొస్తేనే మనం పక్కపక్కన ఉండగలుగుతాం అన్నది నింద. నిందను ఓదార్పుగా మార్చి పాడుకోవడం మన పండితులకు చేతనైన విద్య.

రెండో ఇబ్బంది దళిత పాఠకుడికి. ఆ మాట నిజం కాదు. శ్మశానంలో అంటరానితనం ఉంది. ఊరి కాటి దగ్గర మనవాళ్లు గొయ్యి తవ్వొచ్చు, అదే కాటిలో పడుకోవడానికి లేదు. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టంలో, తర్వాత పౌరహక్కుల రక్షణ చట్టంగా పేరు మారినదానిలో, చెరువు, బావి, కుళాయి, స్నానఘట్టం పక్కనే శ్మశానవాటికను కూడా పేరు పెట్టి రాయవలసి వచ్చింది. అడ్డు లేకపోతే చట్టంలో ఎందుకు రాస్తారు? వినుకొండలో మాదిగ తల్లికి పుట్టి, పొలిమేర బతుకు చూసిన జాషువాకు ఈ సంగతి తెలియదనుకోవడం అమాయకత్వం. తెలిసీ అన్నాడు కనుక ఆ మాటను వర్ణనగా చదవకూడదు. ఇట్లా ఉండాలి అన్న డిమాండును ఇట్లా ఉంది అన్న వాక్యంలో పెట్టాడు. అప్పటి కవిత్వ సభల్లో దళితుడు డిమాండు చెయ్యగలిగిన పద్ధతి అదొక్కటే.

ఇక్కడే జాషువా మీద తొంభైల నుంచి దళిత విమర్శలో వచ్చిన ఒక అభ్యంతరాన్ని కూడా ఎదుర్కోవాలి. ఆయన పద్యం వాళ్లది, పురాణాలు వాళ్లవి, శివుడు వాళ్లవాడు, కాబట్టి ఆ భాషలో మన బాధ చెప్పుకున్నా వాళ్ల కోర్టులోనే చెప్పుకున్నట్టు అన్నది ఆ అభ్యంతరం. కొంతవరకు ఒప్పుకోవాలి. 'శ్మశానవాటి'లో కవి కలం పోయింది నిప్పుల్లోనే. క్రైస్తవ ఇంట్లో పుట్టిన జాషువా ఎరిగిన చావు మట్టిది, గొయ్యిది, సమాధుల తోటది. పూడ్చుకునే కులాల బిడ్డ కాల్చుకునే కులాల కాటిని రాశాడు.  ఆ కాటిలో కట్టెలు పేర్చినవాడు, సగం కాలిన శవాన్ని కర్రతో ఎగదోసినవాడు కూడా కవి, రాజు, చిత్రకారుల వరుసలో నిలబడలేదు. ఈ లోటును జాషువా అభిమానులు మాట్లాడరు, మాట్లాడాలి.

కానీ శివుడి విషయంలో మాత్రం ఆ అభ్యంతరం నిలవదు. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో దక్షిణాది అరుంధతీయుడు కాశీ శివుడికి కబురు పంపడానికి గబ్బిలాన్ని వెతుక్కుంటాడు. గుడి లోపలికి గబ్బిలం పోగలదు, తను పోలేడు. 'శ్మశానవాటి'లో అదే శివుడు పిశాచాలతో కలిసి గజ్జెలు కట్టి ఆడుతున్నాడు. అంటే ఏమిటి? గుడిలో దర్శనమివ్వని దేవుడు కాపరి పని చేసే చోటనే కాపురం ఉన్నాడు. రెండు కావ్యాలూ పక్కపక్కన పెట్టి చదివితే ఆ శివుడికి జాషువా దణ్ణం పెడుతున్నాడో, పట్టుకుని నిలదీస్తున్నాడో తేలుతుంది. 'ఫిరదౌసి'లో బతికినన్నాళ్లు మోసపోయిన కవి చావును, 'ముంతాజమహలు'లో చక్రవర్తి కట్టించిన సమాధిని రాసింది కూడా ఈ కవే. ఎవరి చావుకు ఎంత రాయి దక్కుతుంది అన్న లెక్క ఆయన్ని జీవితమంతా వదల్లేదు.

ఈ పద్యాలను హరిశ్చంద్రుడి నోట్లో పెట్టినప్పుడు ఏం జరిగిందో చూడండి. కాటి కాపరిగా నిలబడ్డవాడు రాజు. ఆ రాజు కాపరి కావడమే నాటకంలో విషాదం. పుట్టుకతో కాపరి అయినవాడికి అది విషాదం కాదు, కులవృత్తి. కొడుకు శవం తెచ్చుకున్న చంద్రమతిని హరిశ్చంద్రుడు కాటి సుంకం అడిగితే జనం కళ్లనీళ్లు పెట్టుకుంటారు, ఎంత ధర్మనిష్ఠ అని. ఊరి బేగరి తన మేర అడిగితే అదే జనానికి అది పొగరు. మరి కాటికి యజమాని వీరబాహుడు? చండాలుడు, కల్లు తాగి తూలుతూ వచ్చే నవ్వుల పాత్ర. మార్కండేయ పురాణంలో చివరికి ఆ చండాలుడు కూడా చండాలుడు కాడు, వేషం వేసుకున్న ధర్ముడు. చక్రవర్తిని కొన్నవాడు నిజంగా అంటరానివాడైతే కథకు తట్టుకోవడం కష్టం. అందుకని ముగింపులో అతన్ని దేవుణ్ణి చేసి తప్పించారు. అంటరానితనం మీద పద్యం పాడేది ఒక రాజు, వినేవాడు వేషం మార్చుకున్న ఒక దేవుడు. ఆ కాటిలో అంటరానివాడు ఒక్కడూ లేకుండా చూసుకున్నారు. జాషువా మాట పదును పోవడానికి ఇంతకంటే ఏం కావాలి? నటులను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఆ పద్యాలు పాడి బతికినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు, వాళ్ల గొంతు వల్లనే ఇవి బతికాయి. కానీ పద్యం బతకడం వేరు, పద్యం అడిగిన ప్రశ్న బతకడం వేరు.

ఆ ప్రశ్న ఇంకోచోట బతికింది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర కాలువలో పారేశారు. ఆ శవాలను దళితులు వాడ వెనక పూడ్చలేదు. ఊరి నడిబొడ్డున పూడ్చారు. ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. 1985 జులై 17న కారంచేడు జరిగిన తర్వాత ఆరేళ్లకు, దళిత ఉద్యమం శవాన్ని ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్నను ఇట్లా తేల్చింది. రోజూ ఆ దారిన పోయేవాళ్లు ఆ సమాధులను చూడక తప్పదు. స్తూపం చేసిన పని అదే గదా, చావును ఊరి బయట నుంచి తెచ్చి మధ్యలో నిలబెట్టడం. చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. తీర్పులు మారాయి, సమాధులు కదల్లేదు. మన శ్మశానాల చరిత్రలో చనిపోయినవాళ్ల తరఫువాళ్లే చోటు ఎంచుకుని, పేరు పెట్టుకున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇదొకటి.

పేరు ఎంత పని చేస్తుందో తెలియాలంటే గోదావరి ఒడ్డుకు పోవాలి. పినపాక, జానంపేట వైపు, పైన ములుగు అడవుల్లో, పెద్ద పెద్ద బండలు నిలబెట్టి కట్టిన వేల ఏళ్ల నాటి సమాధులున్నాయి. ఇనుప యుగపు మనుషులవి. వాటిని రాకాసి గూళ్లంటారు. మనుషులను పూడ్చిన చోటు రాకాసులది అయిపోయింది. కొన్నిచోట్ల శిలువ ఆకారంలో చెక్కిన రాళ్లు కూడా ఉన్నాయి. పంతొమ్మిదో శతాబ్దంలో తెల్లదొరలు చూసి ఇవి పాత క్రైస్తవులవేమో అని వాదించుకున్నారు. ఒకరికి రాకాసులు, ఒకరికి క్రైస్తవులు. ఈ నేల మీద బతికి చచ్చిన మామూలు మనుషులని అనుకోవడం మాత్రం ఇద్దరికీ కష్టమైంది.

క్రైస్తవంలోకి పోయిన మాలమాదిగలకు చావు విషయంలో ఒక మేలు జరిగిందనే చెప్పాలి. పూడ్చే ఆచారానికి గౌరవం వచ్చింది. బొందలగడ్డ సమాధుల తోట అయింది, చచ్చినవాడు నిద్రిస్తున్నవాడయ్యాడు, పేదవాడి మీద కూడా పేరు రాసిన సిమెంటు పలక లేచింది. పేరు రాయడం చిన్న విషయం కాదు. ఖమ్మానికి దగ్గరి డోర్నకల్‌లో 1945 జనవరి 1న పోయిన బిషప్ అజరయ్య సమాధి ఉంది. భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్, 1912లో అభిషేకం పొందినవాడు, తిరునల్వేలి నాడార్ల బిడ్డ. ఈ ప్రాంతపు ప్రముఖుల సమాధుల జాబితా రాస్తే ఆ పేరు తప్పక ఉంటుంది, ఉండాలి కూడా. కానీ ఆ డయాసిస్ నిలబడింది వేల మంది మాల, మాదిగ కుటుంబాల మీద. అజరయ్యను గొప్పవాణ్ణి చేసినవాళ్ల చరిత్ర ఇంకా రాయాల్సే ఉంది. పైగా చర్చి కూడా కులానికి అతీతం కాదు. తిరుచిరాపల్లి మేలపుదూరులో కతోలిక సమాధుల మధ్య దళితులను వేరు చేస్తూ గోడ కట్టారు. చచ్చినవాళ్లకు గోడ ఎందుకని అడిగితే, ఆ గోడ బతికున్నవాళ్ల కోసమని అర్థమవుతుంది.

తెలంగాణ వచ్చిన తర్వాత 2019లో మొదలైన పల్లె ప్రగతి కింద ఊరూరా శ్మశానం కట్టారు. పన్నెండు వేల పైచిలుకు పంచాయతీల్లో దహనానికి దిమ్మెలు, స్నానాలకు గదులు, ప్రహరీ, గేటు వచ్చాయి. చెట్టు కింద, వానలో శవం కాల్చుకున్న పేదలకు ఇది వసతే, కాదనను. కానీ దానికి పెట్టిన పేరు వైకుంఠధామం. విష్ణువు లోకం. మైసమ్మకు, పోచమ్మకు మొక్కుకున్నవాళ్లు, ఏసును నమ్మినవాళ్లు, బుద్ధుణ్ణి నమ్మినవాళ్లు చచ్చిన తర్వాత విష్ణువు లోకానికే పోవాలని ప్రభుత్వం గేటు మీద రాసిపెట్టింది. కట్టింది కూడా కాల్చుకునేవాళ్ల కొలతకు కట్టారు. దిమ్మె మీద శవాన్ని కాల్చొచ్చు, పూడ్చలేం. పూడ్చుకునేవాడికి మళ్లీ పాత వాగొడ్డే. రామదాసు పోయిన వైకుంఠానికి, ఈ గేటు మీది వైకుంఠానికి మధ్య మూడు వందల ఏళ్ల పైచిలుకు తేడా ఉంది, లోపలికి ఎవరు పోతారన్న విషయంలో పెద్ద తేడా లేదు.

గొయ్యి సంగతి మాత్రం చట్టంలో ఒక అడుగు ముందుకు పడింది. దళితుల చేత శవాలు మోయించడం, గోతులు తవ్వించడం 2015 సవరణతో అత్యాచార నిరోధక చట్టంలో నేరమైంది, 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. డప్పు సంగతి జనం ముందే తేల్చుకున్నారు. 1994లో ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా ఆ డప్పునే ఉద్యమం చప్పుడు చేసింది. చావు దగ్గర చిందేయించిన వాయిద్యం సభ దగ్గర నిలబడి మోగింది. అయినా బేగరి పని మానేసిన ఊళ్లలో, మానేసినందుకు మాట పడని ఊళ్లెన్ని?

ఇక చేయాల్సిన పని విమర్శకులది కొంత, పరిశోధకులది కొంత. 'శ్మశానవాటి'ని హరిశ్చంద్రుడి నోట్లోంచి తీసి జాషువా పుస్తకంలో పెట్టి చదవాలి, పాఠ్యపుస్తకాల్లో వైరాగ్య పద్యమని రాసిన చోట కొట్టేసి అంటరానితనం గురించి అడగాలి. ఊరి బొందలగడ్డల సర్వే నంబర్లు, వాటి విస్తీర్ణం, ఎంత పోయింది, ఎవరు కలుపుకున్నారు, ఇవన్నీ బేగరులు, డప్పు కళాకారులు, పెద్దమ్మలు పోకముందే వాళ్లను కూర్చోబెట్టి రాసుకోవాలి. పట్టా లేని చోటికి వాళ్ల జ్ఞాపకమే పట్టా. నేలకొండపల్లి స్తూపం దగ్గరికి పిల్లల్ని తీసుకుపోయే పంతుళ్లు కూడా విరాటరాజు దగ్గరే ఆపకుండా, చనిపోయినవాళ్ల ఎముకల మీద ఇంత కట్టడం ఎందుకు లేపారో చెప్పొచ్చు. 1956లో అంబేడ్కర్ పోయిన తర్వాత ముంబై దాదర్‌లో ఆయన్ను దహనం చేసిన చోట లేచింది కూడా స్తూపమేనని అక్కడే చెప్పొచ్చు.

అమరావతి మహాచైత్యానికి ఇచ్చిన దానాల్లో ఒక రాతి పలక ఉంది. పలక మీద నిండు కుండ చెక్కారు. కింద దానం ఇచ్చినవాడి పేరు, విధికుడు. వృత్తి కూడా రాయించాడు, చర్మకారుడు. తండ్రి నాగుడు, ఉపాధ్యాయుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు అందరితో కలిసి ఇచ్చిన దానమని ఉంది. తోలు పని చేసేవాడు, చదువు చెప్పిన తండ్రి పేరు, ఇంటిల్లిపాదీ ఒకే రాయి మీద, బుద్ధుడి స్తూపం మీద. వృత్తిని దాచుకోలేదు, ఎవరూ చెరపలేదు. కృష్ణ ఒడ్డున ఆ రాయి చెక్కి పద్దెనిమిది వందల ఏళ్లు దాటింది.